గవర్నమెంటు నీళ్లు తాగలేదు

ఆ రోజుల్లో నా కోపానికి ముక్కు మీద చోటు చాలేది కాదు; మిగిలింది భుజాన సంచిలో వేసుకుని తిరిగేదాన్ని. బస్సు ఆపాల్సిన చోటుకి పది గజాల అవతల ఆపితే కోపం. ఎవరైనా నన్ను ‘పాపా’ అని పిలిస్తే కోపం. పోనీ ‘మేడం’ అంటే వెక్కిరిస్తున్నారేమోనని ఇంకా కోపం. అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ముగించి, పశువులకు విటమిన్ మందులు అమ్మే ఒక కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. మా ఊరు పద్మనాభంలో మొదటి బస్సెక్కి, సిటీలో దిగి, ఇంకో బస్సు మారి, మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడేసుకుని తిరుగుతుంటే లోకంలో పశువులన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉండేది. మా నాయనమ్మ మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి ఒకటే మాట అడిగేది. “గేదిలికి మందు పొయ్యడానికి బస్సెక్కి పోవాలేటే? మనింటి కాడ గేదిలు లేవేటి?” ఆ మాటకు వచ్చే కోపం సిటీ చేరేదాకా సరిపోయేది.

మా ఆఫీసు సీతమ్మధారలో, ఒక పళ్ల డాక్టరుగారి క్లినిక్ పైన ఉండేది. కింద పిల్లలు పళ్లు పీకించుకుంటూ పెట్టే కేకల మధ్య మేము పైన పాడిపరిశ్రమ భవిష్యత్తు గురించి మాట్లాడుకునేవాళ్లం. మా మేనేజరుగారికి నేను పెట్టుకున్న పేరు ప్రొజెక్టర్ సారు. (తెర మీద తప్ప ఆయన గేదెను చూసిన దాఖలాలు మాకెవరికీ దొరకలేదు.) పాతవాళ్లందరికీ పచ్చిక బయళ్లున్న మండలాలు పంచేసి, కొత్తగా వచ్చిన నాకు మల్కాపురం ఇచ్చారు. అక్కడ గేదెలేమిటి అనుకోకండి. రిఫైనరీ గోడకీ పోర్టు వైపు పోయే రోడ్డుకీ మధ్య సందుల్లో, ఇంటి వెనక రేకుల పాకల్లో నాలుగూ అయిదూ గేదెలు కట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసే వాళ్లు చాలామందే ఉండేవారు. ఆ గేదెలకు లారీలో వచ్చే ఎండుగడ్డే కూడు. పచ్చిగడ్డి పరక చూడాలంటే పండగ రావాలి. పచ్చిమేతలో ఉండే విటమిన్ సరుకు ఎండుగడ్డిలో ఎండకే హరించుకుపోతుందని, అది అందకపోతే పశువు కళ తప్పుతుందని, చూపు మందగిస్తుందని, చూలు నిలవడం కూడా కష్టమవుతుందని మాకు పాఠాల్లో చెప్పారు. అది అబద్ధం కాదు. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని విటమిన్లే మోసమనుకుంటారేమోనని. విటమిన్లకేం, అవి మంచివే. వాటిని మోసుకెళ్లిన మనిషి సంగతే చెప్పబోతున్నాను.

మల్కాపురంలో నాకు మొదట తలుపు తీసినావిడ క్రేనత్త. భర్త పోర్టులో క్రేను నడిపేవాడు, అందుకని వీధి మొత్తానికి ఆవిడ క్రేనత్తే. పాక గుమ్మం మీద మేరీమాత పటం, దాని కింద కొడవలి, దాని కింద నాలుగు గేదెలు. వాటిలో పెద్దదాని పేరు గవర్నమెంటు. ఏదో ప్రభుత్వ పథకంలో వచ్చిందని ఆ పేరు పెట్టారట గానీ, స్వభావం కూడా సరిపోయిందని అత్త అనేది. “పిలిత్తే రాదు, తోలితే కదల్దు. మనకి పని పడ్డప్పుడే పడుకుంటాది.” ఆ ఎండాకాలం గవర్నమెంటు పూటకు నాలుగు లీటర్లిచ్చేది మూడుంపావుకు దిగింది. వెంట్రుక గరుకుబారింది, సందెవేళ బకెట్టుకు కాలు తగిలించుకుంటోంది. నేను దాని కనురెప్ప ఎత్తి చూసి, చెవి వెనక తడిమి, (ఆ తడమడం వల్ల ఏమీ తెలియదు, కానీ చూసేవాళ్లకు బాగుంటుంది) “విటమిన్ లోపం ఉందండీ” అని ప్రకటించాను. డ్యూటీలో ఉన్నప్పుడు నేను మా ఊరి భాష మాట్లాడేదాన్ని కాదు. రేడియోలో వార్తలు చదివినట్టు ‘అండీ’లు పెట్టి మాట్లాడేదాన్ని. అత్త నోరు తెరుచుకుని విని, “ఓలమ్మ, ఎంత బాగా సెప్పినావే గుంటా” అంది. గుంటా (మావైపు పిల్లా అని) అన్నందుకు మళ్లీ కోపం.

సీతమ్మధారకు పోయి ఈ సంగతి చెబితే ప్రొజెక్టర్ సారు కుర్చీలోంచి లేచారు. “ఇదే మన డెమో కేస్. పదిహేను రోజులు మన టానిక్ ఫ్రీగా ఇవ్వు. తర్వాత ఆదివారం ఆ వీధి కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడదాం. ఆవిడ చేతే మైకులో చెప్పిద్దాం. ఇది సక్సెస్ అయితే నీ ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తా” అన్నారు. సీసా మీద ‘దాణాలో గాని, తాగే నీళ్లలో గాని’ అని ఉంది. దేంట్లో కలపమంటారు సార్ అని అడిగాను. “నీళ్లలో. ఈజీగా ఉంటుంది, తొట్టిలో పోసేస్తే అయిపోతుంది” అన్నారు. నేనూ తలూపాను. ఇక్కడ ఆయన్నొక్కడినే తిట్టలేను. గేదెను ఎన్నడూ ముట్టని మనిషి ఆయన. గేదెల మధ్య పుట్టి పెరిగిన నేనెందుకు తలూపినట్టు?

ఆ టానిక్కు గురించి చెప్పాలి. పసుపుపచ్చగా, జిడ్డుగా ఉండేది. మూత తీస్తే ముందు చేప కాలేయపు నూనె వాసన, దాన్ని కప్పడానికి కలిపిన నారింజ వాసన, రెండూ పోట్లాడుకుంటూ ఒకేసారి పైకి వచ్చేవి. నేను మొదటి రోజు సిమెంటు తొట్టిలో కొలత ప్రకారం పోస్తుంటే వీధిలో పిల్లులు మూడు వచ్చి గోడెక్కి కూర్చున్నాయి. అప్పుడే క్రేనత్త భర్త, నేను మావా అని పిలిచే ఆయన, షిఫ్టు దిగి వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు. వారానికి నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. గొంతు సవరించుకుని, “పాపా, నీల్లలో అయితే...” అన్నాడు. నేను చెయ్యెత్తి, “మావా, మీకు తెలియదు. ఇది సైంటిఫిక్‌గా చేసేది. మీరు ఊరుకోండి” అన్నాను. ఆయన ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు బాగా వచ్చిన విద్య.

మధ్యలో వేరే సందులు తిరిగి, పన్నెండో రోజు, గురువారం, నేను కొలత పుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లేసరికి గవర్నమెంటు మూడుంపావు నుంచి రెండుకు దిగింది. డొక్కలు లోపలికి పోయాయి. పేడ గట్టిగా గుండ్రాళ్లలా పడి ఉంది.  నాకు రావలసిన కోపం వచ్చింది. “మీరు మందు వేయడం లేదు” అన్నాను.

అత్త పాలచెంబు కింద పెట్టింది. “ఏటన్నావ్?”

“మందు వేయడం లేదండీ మీరు. వేస్తే ఎందుకు తగ్గుతాయి? సీసా దాచి ఇంకెవరికైనా ఇచ్చేస్తున్నారా?”

ఎంత మాటన్నానో ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. అత్త లోపలికి పోయి ఖాళీ సీసా ఒకటి, సగమున్న సీసా ఒకటి తెచ్చి నా కాళ్ల ముందు టక్కుటక్కుమని పెట్టింది. “నాను రోజూ పోత్తన్నాను. సుక్క తేడా నేకుండా పోత్తన్నాను. పాలు తగ్గిపోయి నాలుగిళ్లోలు మానీసినారు. నాను పాలన్నీ టీ కొట్టుకి పోసీసి ఇళ్లోలకి నేవని సెప్తన్నానంట, అదీ పడతన్నాను. దేనికి? సదూకున్న గుంట సెప్పింది కదాని. ఇప్పుడు నువ్వొచ్చి నన్ను దొంగంటావేటే?” అంది. గొంతు వణికింది ఆవిడకి. నాకు వణకలేదు. అదీ నా గొప్ప. “అయితే రేపు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. నా కళ్లతో చూస్తాను” అని సవాలు విసిరి బస్సెక్కాను. దారి పొడవునా మల్కాపురం వాళ్లంతా మోసగాళ్లని తీర్మానించుకుంటూ పోయాను.

మర్నాడు మొదటి బస్సుకు బయల్దేరి, ఎనిమిదిలోపే వెళ్లి, పాక ముందు బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను.  అత్త మొహం తిప్పుకునే టీ గ్లాసు తెచ్చి నా పక్కన నేల మీద పెట్టి పోయింది. (కోపంలోనూ టీ ఇచ్చే మనుషులతో పోట్లాడటం చాలా కష్టం.) ఎనిమిదింటికి కొళాయి వచ్చింది. వీధంతటికీ అదొక్కటే, ముప్పావుగంట మాత్రమే. మావ బకెట్లతో పరుగులు పెట్టి తొట్టి నింపాడు. అత్త నా వైపు చూస్తూ, చూడు అన్నట్టుగా, కొలత మూత నింపి మందు పోసి కర్రతో కలిపింది. మిగతా మూడు గేదెలకు వేరే గోలెం ఉంది, అవి తాగాయి. గవర్నమెంటు తొట్టి దగ్గరికి వచ్చింది. మూతి పెట్టింది. పై పెదవి ముడిచి, పళ్లు చూపించి, ముక్కుతో బుస్సున ఊది, వెనక్కి తిరిగి పోయి నిలబడింది. ‘నఖరాలు’ అనుకుని పుస్తకంలో ‘ఉదయం: ఆసక్తి లేదు’ అని రాసుకున్నాను. తొమ్మిదికి అలాగే. పదికి అలాగే. పదకొండుకు ఎండ రేకుల మీద పేలుతుంటే అది నాలుక బయట పెట్టి నిలబడింది గానీ తొట్టి వైపు తల తిప్పలేదు. నేను ఆసక్తి లేదు, ఆసక్తి లేదు అని వరసగా రాసుకుంటూ పోయాను. ఇంత చదువు చదివి, కళ్లెదురుగా ఉన్నది ఒక్కటి అర్థం కాలేదంటే, నా మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పక్కింటిలో ఒక నర్సమ్మగారు ఉండేవారు. ఆ రోజు ఆవిడకు సెలవు. తెల్లటి యూనిఫాంలు ఉతికి, పెరట్లో ఒక బకెట్టులో సబ్బు నీళ్లు, రెండో బకెట్టులో మంచినీళ్లు, మూడో బకెట్టులో నీలిమందు కలిపిన నీళ్లు వరసగా పెట్టుకుని జాడిస్తున్నారు. పన్నెండు గంటలకు మావ గవర్నమెంటును గోడ నీడకు మార్చి కడదామని గుంజ నుంచి పలుపు విప్పాడు. ఆ పలుపు ఆయన చేతిలోంచి ఎలా పోయిందో ఆయనకే తెలియదు. పిలిస్తే రాని, తోలితే కదలని గవర్నమెంటు లంఘించి నా మీదుగా పోయింది. నిజానికి నా పక్క నుంచే పోయింది, కానీ నేను బకెట్టుతో సహా దొర్లి గోడ దాకా పోయాను కాబట్టి నాకు అలాగే అనిపించింది. లేచి చూసేసరికి అది నర్సమ్మగారి పెరట్లో ఉంది. సబ్బు నీళ్లు వాసన చూసి వదిలేసింది. (అంత తెలివి ఉంది దానికి.) మంచినీళ్ల బకెట్టులో మూతి పెట్టింది. సర్రుమని ఒక్క చప్పుడు, బకెట్టు ఖాళీ. తల ఎత్తకుండానే నీలిమందు బకెట్టులో పెట్టింది. అదీ ఖాళీ. అడుగున ఉన్న తెల్ల ఓణీని కూడా జుర్రబోతే నర్సమ్మగారు ఒక కొస పట్టుకుని, గేదె ఒక కొస పట్టుకుని కాసేపు లాక్కున్నారు. గేదె తల ఎత్తేసరికి మూతంతా నీలంగా ఉంది, గడ్డం నుంచి నీలం చుక్కలు కారుతున్నాయి.

“ఓలబ్బో! రేపు పాలు నీలంగా వత్తే ఇళ్లోలకి ఏటి సెప్పాల్రా దేవుడా!” అని అత్త నెత్తిన చేతులు పెట్టుకుంది. నర్సమ్మగారు “నా యూనిఫారం! సోమవారం డ్యూటీకి ఏమేసుకోవాలి?” అని అరుస్తున్నారు. నేను, గోడ పక్క నుంచి లేచి, మోచేయి తుడుచుకుంటూ, ఆ మూడు బకెట్ల వైపూ, నిండుగా పసుపుపచ్చగా మెరుస్తున్న మా తొట్టి వైపూ మార్చి మార్చి చూశాను. అప్పుడు మావ మాట్లాడాడు. నేను విన్నంతలో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

“పన్నెండు రోజులయ్యింది పాపా. ఆ తొట్లో నీల్లు అది ముట్టుకోలేదు. పొద్దున్న నింపిన నీల్లు మర్నాడు పొద్దున్నకి పారబోత్తన్నాను. రేతిరి కుడితి కాసింత పోత్తన్నాను, దాంతోటే బతుకుతంది.”

“మరి ఎందుకు చెప్పలేదు మావా?” అని అరిచాను. అరవడానికి నాకేం హక్కుందో తెలియదు.

“సెప్పబోయేను. ఊరుకోమన్నావు. తర్వాత మీ అత్తకి సెప్పేను. సదూకున్న గుంటకంటే నీకు తెలుసేటి అంది.”

అయినా నాకు బుద్ధి రాలేదు. ఓడిపోవడం ఇష్టం లేక, “వాసన మరీ అంత ఘోరంగా ఏం లేదండీ, కొంచెం అలవాటు చేస్తే...” అని మొదలుపెట్టాను. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “అయితే నువ్వు తాగు.” ఏం, తాగలేననుకున్నారా అని వెళ్లి దోసిలి పట్టి ఒక్క గుక్క వేశాను. ఎండకు వేడెక్కిన చేపనూనె, దాని మీద నారింజ, దాని వెనక తుప్పు. పాక వెనక్కి పరుగెత్తాను. నాతోపాటు పొద్దున్న తాగిన టీ కూడా బయటికి వచ్చేసింది. నేను తల ఎత్తేసరికి అత్త చెంబుతో మంచినీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నవ్వు ఆపుకోలేక భుజాలు ఊగుతున్నాయి. “తాగు తాగు. నీకూ అలవాటవ్వాలి కదా” అంది. అప్పుడు నేను మా ఊరి భాషలో, ‘అండీ’లు లేకుండా ఏడ్చాను. “తప్పు నాదే అత్తా. నీల్లు గురించి నాను ఆలోసించనేదు.”

నిజమే, ఆలోచించలేదు. మా ఊళ్లో గేదెలకు ఎవరూ నీళ్లు పెట్టరు. అవే కాలవకు పోతాయి, మునుగుతాయి, కావలసినంత తాగి వస్తాయి. నీళ్లు కూడా ఒక మేతేనని, పాలలో ముప్పాతిక మించి నీళ్లేనని, ఒంట్లో నీళ్లు లేనిదే విటమినూ పనిచేయదు, అరుగుదలా సాగదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కొళాయి ముప్పావుగంట వచ్చే వీధిలో ఆ పాఠం గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నం నేనూ మావా తొట్టి బోర్లించి, చింతపండు, బూడిద పెట్టి తోమాం. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి తలో బకెట్టూ అడిగి తెచ్చాను (నర్సమ్మగారు తలుపు తీయలేదు, న్యాయమే). టానిక్కును తవుడు, తెలగపిండితో ముద్ద చేసి, పైన చిన్న బెల్లం ముక్క నలిపి పెడితే గవర్నమెంటు వాసన కూడా చూడకుండా మింగేసింది. ఇంత సులువు! ఆదివారానికి పాలు రెండుంపావయ్యాయి. నీలంగా మాత్రం రాలేదు.

శుక్రవారం సాయంత్రమే ప్రొజెక్టర్ సారుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, “ఓకే. అవన్నీ ఆదివారం చెప్పకు. పాలు పెరిగాయని ఆవిడతో చెప్పించు చాలు” అన్నారు. “పెరగలేదు సార్, మన వల్లే తగ్గాయి” అన్నాను. “నువ్వు ఉద్యోగంలో ఉండాలనుకుంటున్నావా లేదా?” అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. అత్తను ఆ మాట చెప్పమని అడగనే లేదు. ఉద్యోగం పోతే పోయింది, నాయనమ్మ సంతోషిస్తుంది అనుకున్నాను.

ఆదివారం చర్చి వదిలాక కమ్యూనిటీ హాలు నిండింది. గేదెలున్న వాళ్లు పాతిక మంది దాకా వచ్చారు. సారు కొత్త చొక్కాతో వచ్చి, ఏదో విదేశీ ఆవు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టించి, అరగంట బొమ్మలు చూపించి, అత్తను మైకు దగ్గరికి పిలిచారు. “చెప్పండమ్మా, మా మందు వాడాక మీ గేదె పాలు ఎంత పెరిగాయి?” అత్త చీర కొంగు మెలిపెట్టుకుంటూ నా వైపు చూసింది. చర్చికి కట్టుకున్న మంచి చీర అది. “రొండు లీటర్లు పెరిగినాయి బాబూ. సానా బాగుంది మందు” అంది.

నాకు అర్థం కాలేదు. పక్కనే ఉన్న మావను మోచేత్తో పొడిచాను. ఆయన గొంతు తగ్గించి, “మీ సారు పొద్దున్న ఇంటికొచ్చినారు. అలా సెప్పకపోతే పాప ఉజ్జోగం తీసెత్తారంట” అన్నాడు.

నేను చాలాసార్లు కోప్పడ్డాను గానీ, నా జీవితంలో అంత శుద్ధమైన కోపం మళ్లీ రాలేదు. నా చేత దొంగ అనిపించుకున్న మనిషి, పాలు తగ్గిపోయి మాట పడ్డ మనిషి, మేరీమాత పటం కింద గేదెల్ని కట్టుకున్న మనిషి, చర్చి నుంచి తిన్నగా వచ్చి నా కోసం అబద్ధం ఆడుతోంది. లేచి పోయి మైకు లాక్కున్నాను. “అబద్దం! పెరగనేదు! మూడుంపావు లీటర్లిచ్చే గేది రొండుకొచ్చీసింది. నానే తగ్గించీసేను. మందు నీల్లలో కలిపించి పన్నెండు రోజులు దానికి నీల్లు నేకుండా సేసేను. ముందు నీల్లు పొయ్యండి. ఎంత తాగితే అంత. మందు తర్వాత, అదీ దాణాలో” అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. సారు మైకు గుంజుకోబోయారు, నేను ఇవ్వలేదు. మైకు కీచుమంది.

చప్పట్లు కొడతారని మీరు అనుకుంటే, నేనూ అనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. వెనక వరసలో ఒకాయన లేచి, “నీల్లు పొయ్యమంతన్నావ్. నీల్లెక్కడున్నాయే తల్లీ?” అన్నాడు. ఇంకొకావిడ లేచింది. “ముప్పావుగంట కొళాయికి మనుసులం తాగాలా, గేదిలు తాగాలా?” అంతే, హాలంతా లేచింది. వాళ్ల కోపం ముందు నా కోపం చంటిపిల్ల. ఏళ్ల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. కోపానికి ఎదురుగా ఒక మనిషి కావాలి కదా. కొత్త చొక్కా, ఆఫీసు కారు, చేతిలో కట్టెపుల్లలాంటి ప్రొజెక్టరు రిమోటు ఉన్న మా సారు వాళ్లకు పెద్ద ఆఫీసరులా కనిపించారు. నలుగురూ చుట్టుముట్టారు. “నేను కంపెనీ మనిషినండీ” అని ఆయన అంటుంటే, “ఏ కంపినీ అయితే ఏటి బాబూ, సదూకున్నోరు, మీరు ముందు సంతకం పెట్టండి” అని ఎవరో కాగితం తెచ్చేశారు. అర్జీ నేనే రాశాను, నా చేతిరాత బాగుంటుందని. మొదటి సంతకం మా సారుదే. పెట్టకుండా కారు దాకా పోయే దారి లేదు.

ఆ అర్జీ ఎన్ని బల్లల మీద పడుకుందో తెలియదు. వర్షాలు మొదలయ్యాక, సాయంత్రం పూట కూడా ఒక అరగంట కొళాయి వదలడం మొదలుపెట్టారు. అరగంటే! వంద గేదెలున్న వీధికి అరగంట! (చూశారా, ఇప్పటికీ గొంతు లేస్తుంది.) గవర్నమెంటు నెల తిరిగేసరికి నాలుగు లీటర్లకు వచ్చింది. వెంట్రుక నునుపుదేరింది, బకెట్లకు తగలడం మానేసింది. ఆ గుణం నీళ్లదెంతో, విటమిన్‌దెంతో విడదీసి చెప్పమంటే నేను చెప్పలేను, రెండూ కావాలి. మానేసిన నాలుగిళ్ల వాళ్లలో ముగ్గురు తిరిగొచ్చారు. నర్సమ్మగారికి నేను కొత్త ఓణీ తీసుకెళ్తే పుచ్చుకుని, మందు గురించి ఒక్క ముక్క కూడా నా దగ్గర ఎత్తొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఆ నెలాఖరుకే పోయింది. నా చేతికి కాగితం ఇస్తూ సారు, “నీకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు” అన్నారు. కింద క్లినిక్‌లో ఎవరో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడి తరఫున కూడా కోప్పడుతూ మెట్లు దిగాను.

ఇప్పుడు మా పద్మనాభం చుట్టుపక్కలే పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేస్తున్నాను. తల కొంచెం నెరిసింది. నాకిప్పుడు కోపం తగ్గిందని ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. పోయిన నెల ఒక శిక్షణలో పైనుంచి వచ్చిన ఒకాయన, ఎండాకాలంలో దూడలకు నీళ్లు తగ్గించి పాలపొడి పెంచమని గంటసేపు చెప్పారు. తప్పని నాకు తెలుసు. పక్కవాళ్లకూ తెలుసు. నేను పుస్తకంలో చక్కగా రాసుకుని, టీ తాగి, ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల జ్ఞాపకం వచ్చింది. ఎంత మూర్ఖురాలు! అమాయకుల్ని దొంగలంది, పెద్దవాళ్లను ఊరుకోమంది, తప్పంతా తనదై ఉండి లోకం మీద అరిచింది. కానీ ఆ శిక్షణ హాల్లో ఆ పిల్ల ఉంటే మైకు ఆయన చేతిలో ఉండేది కాదు. నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మర్నాడు సెలవు పెట్టి సిటీకి పోయి, ఆయన గది ముందు గంటన్నర కూర్చుని, లోపలికి పిలిచాక, దూడలకు నీళ్లు తగ్గించడం తప్పని చెప్పాను. మెల్లిగానే చెప్పాను, ‘అండీ’లు పెట్టే చెప్పాను. ఆయన ఎగాదిగా చూసి, “ఇది నిన్న హాల్లోనే చెప్పాల్సింది కదమ్మా” అన్నారు. నిజమే. ఒక రోజు ఆలస్యమైంది. ఈ వయసులో నా కోపానికి ఆ మాత్రం టైము పడుతోంది.